బురదలోని విషాన్ని వెలుతురు ఎలా విరగ్గొడుతుంది?

ఎండలో ఏళ్ల తరబడి నిలబడిన తెల్ల పెయింటు గేటును అరచేత్తో ఒకసారి రుద్ది చూడండి. చేతికి సుద్దలాంటి పొడి అంటుకుంటుంది. పెయింటు నాసిరకమని షాపువాణ్ణి తిట్టుకుంటాం. నిజానికి అక్కడ జరిగింది ఒక రసాయన చర్య. పెయింటుకు తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్ రేణువులు ఎండ తగిలినప్పుడల్లా తమ చుట్టూ ఉన్న జిగురును, అంటే రంగును ఇనుముకు పట్టి ఉంచే సేంద్రియ పదార్థాన్ని, కొద్దికొద్దిగా తినేశాయి. జిగురు పోయాక రేణువులు వదులై చేతికి వచ్చాయి. ఇలా జరగకుండా పెయింటు కంపెనీలు ఆ రేణువులకు సిలికా, అల్యూమినా పూత పూస్తాయి.

ఆ తినే గుణాన్ని ఆపకుండా, పనికి పెట్టుకుంటే? మందులు, రంగులు, పురుగుమందులు తయారుచేసే ఫ్యాక్టరీల నీళ్లను శుద్ధి చేశాక అడుగున బురద మిగులుతుంది. దానిలో ఇరుక్కున్న సేంద్రియ విషాలను వెలుతురుతో, ఉత్ప్రేరకంతో నాశనం చేయవచ్చునా? చేయవచ్చు. అయితే బురద మీద ఇంత పొడి చల్లి ఎండబెడితే అయ్యే పని కాదు. ఎందుకు కాదో, ఎలా అయితే అవుతుందో తెలియాలంటే కొన్ని ప్రశ్నలు వరుసగా అడుగుతూ పోవాలి.

నీళ్లను శుద్ధి చేస్తున్నారు కదా, విషం బురదలోకి ఎందుకు చేరుతుంది?

ఈటీపీ అని అందరూ పిలిచే శుద్ధి కేంద్రంలో ప్రధానంగా రెండు పనులు జరుగుతాయి. సున్నం, పటిక, ఇనుప లవణాలు వేసి నీళ్లలో తేలాడే మురికిని ముద్దకట్టించి కిందికి దించుతారు. తరువాత పెద్ద తొట్లలో గాలి ఊదుతూ బాక్టీరియాను పెంచి, నీళ్లలో కరిగి ఉన్న సేంద్రియ పదార్థాన్ని వాటికి మేతగా వేస్తారు. మొదటి పనిలో రసాయన బురద వస్తుంది. రెండో పనిలో బలిసి అడుక్కి దిగిన బాక్టీరియా గుంపులే జీవ బురద. పైన తేరిన నీళ్లు బయటికి పోతాయి. అందరి కళ్లూ ఆ నీళ్ల మీదే ఉంటాయి.

కానీ నీళ్లలోంచి ఒక పదార్థం మాయమైనంత మాత్రాన అది నాశనమైనట్టు కాదు. కొన్ని అణువులకు నీళ్లలో ఉండటం కంటే ఏదో ఒక రేణువును అంటిపెట్టుకుని ఉండటమే సులువు. జిడ్డు స్వభావం ఉన్నవి బురదలోని కొవ్వులకు అతుక్కుంటాయి. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లకు జిడ్డు స్వభావం లేకపోయినా, వాటి మీద ఉండే విద్యుదావేశం వల్ల, లోహపు అయాన్లతో కట్టుకునే ముడుల వల్ల బురద రేణువులను గట్టిగా పట్టుకుంటాయి. స్వీడన్‌లోని ఉమెయో పట్టణపు మురుగు శుద్ధి కేంద్రంలో పరిశోధకులు ఈ లెక్క తీశారు. కేంద్రంలోకి వచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్‌లో 70 శాతానికి పైగా చివరికి బురదలోనే తేలింది. బయటికి పోయే నీళ్లను మాత్రమే పరీక్షిస్తే ఆ కేంద్రం గొప్పగా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. పని చేసిన మాట నిజమే, కానీ ఎక్కువ భాగం విషాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి మార్చింది.

ఈ సంగతి మనకు దూరంది కాదు. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో మాత్రల్లో వాడే అసలు మందును తయారుచేసే బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల కోసం ఉమ్మడి శుద్ధి కేంద్రం 1994లో వచ్చింది. దాదాపు 90 ఫ్యాక్టరీల నీళ్లు ట్యాంకర్లలో అక్కడికి చేరేవి. శుద్ధి అయి బయటికి వచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 28 నుంచి 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదుకు అది ఎన్నో రెట్లు. రోజుకు దాదాపు 45 కిలోలు బయటికి పోతోందని, 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం అయిదు రోజుల్లో వాడే మందుకు అది సమానమని వాళ్లు లెక్కకట్టారు. ఆ నీళ్లు ఇసుకవాగు, నక్కవాగు మీదుగా మంజీరలోకి పారేవి. ఆ తరువాతి పరిశోధనల్లో ఆ వాగుల అడుగు మట్టిలో మందులకు లొంగని బాక్టీరియా జన్యువులు పుష్కలంగా దొరికాయి. ఈ ప్రాంతపు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసు హైకోర్టు మీదుగా జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా నడిచింది. నీళ్లలోనే అంత మందు ఉన్నప్పుడు, దాన్ని అంటిపెట్టుకునే బురదలో ఎంత ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

బాక్టీరియా దాన్ని ఎందుకు తినలేవు?

యాంటీబయాటిక్ తయారైందే బాక్టీరియాను చంపడానికి. ఇక క్లోరిన్ తగిలించిన ఫినాల్‌లు, అద్దకపు రంగులు, బహువలయ హైడ్రోకార్బన్‌లు ప్రకృతిలో బాక్టీరియాకు అలవాటైన తిండి కావు. పక్కనే సులువుగా అరిగే ఆల్కహాలు, ఎసిటేట్ ఉంటే వాటినే తింటాయి. కష్టమైనవి ముద్దల్లో అలాగే ఉండిపోతాయి.

వెలుతురు, ఉత్ప్రేరకం కలిసి ఏం చేస్తాయి?

1967లో టోక్యో విశ్వవిద్యాలయంలో అకిరా ఫుజిషిమా అనే విద్యార్థి, గురువు కెనిచి హోండా దగ్గర పనిచేస్తూ, నీళ్లలో ముంచిన టైటానియం డయాక్సైడ్ స్ఫటికం మీద బలమైన వెలుతురు వేశాడు. బుడగలు వచ్చాయి. వెలుతురు ఆపితే ఆగిపోయాయి. నీరు ఆక్సిజన్‌గా, హైడ్రోజన్‌గా విడిపోతోందన్నమాట. 1972లో నేచర్ పత్రికలో ఆ వ్యాసం వచ్చాక ప్రపంచమంతా ఈ తెల్ల పొడి వైపు చూసింది. 1976లో కెనడా శాస్త్రవేత్తలు ఇదే పొడితో, నీళ్లలోని పీసీబీ అనే మొండి విషం నుంచి క్లోరిన్‌ను ఊడదీయగలిగారు. కాలుష్యం మీద దీన్ని వాడవచ్చన్న ఆలోచనకు బలం వచ్చింది అక్కడే.

లోపల జరిగేది ఇది. తగినంత శక్తి ఉన్న వెలుతురు కణం, అంటే ఫోటాన్, టైటానియం డయాక్సైడ్ రేణువుకు తగిలినప్పుడు దానిలోని ఒక ఎలక్ట్రాన్ తన చోటు వదిలి పైస్థాయికి ఎగురుతుంది. అది ఖాళీ చేసిన చోటును రంధ్రం అంటారు. ఆ రంధ్రానికి ఎలక్ట్రాన్ కావాలి, ఎక్కడ దొరికితే అక్కడ లాక్కుంటుంది. రేణువును తడిపి ఉన్న నీటి అణువు నుంచి లాక్కున్నప్పుడు హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. ఎగిరిన ఎలక్ట్రాన్‌ను నీళ్లలో కరిగిన ఆక్సిజన్ అందుకుంటుంది. అందుకే ఈ పని చేసే తొట్టిలో గాలి ఊదుతూ ఉండాలి. ఆక్సిజన్ అందుకోకపోతే ఎలక్ట్రాన్ తిరిగి రంధ్రంలోనే పడిపోతుంది, వెలుతురు ఉత్త వేడిగా మారిపోతుంది. బాగా నడిచే తొట్టిలో కూడా పుట్టిన జంటల్లో పదింటికి తొమ్మిది ఇలా వృథా అవుతాయి. ఈ రంగంలో పరిశోధన చాలామటుకు ఈ వృథాను తగ్గించడం గురించే.

హైడ్రాక్సిల్ రాడికల్ ఎంత చురుకైనదో ఒక కొలతతో చెప్పవచ్చు. ఎదుటి పదార్థం నుంచి ఎలక్ట్రాన్ లాక్కునే బలాన్ని వోల్టుల్లో కొలుస్తారు. క్లోరిన్‌కు 1.36, హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు 1.78, ఓజోన్‌కు 2.07, హైడ్రాక్సిల్ రాడికల్‌కు 2.8. ఎదురుపడిన సేంద్రియ అణువు నుంచి హైడ్రోజన్‌ను ఊడపీకుతుంది, లేదా వలయానికి తాను అతుక్కుని దాన్ని తెరుస్తుంది. ఇలా ముక్క మీద ముక్క తెగుతూ చివరికి కార్బన్ అంతా కార్బన్ డయాక్సైడ్‌గా, క్లోరిన్ క్లోరైడ్‌గా, గంధకం సల్ఫేట్‌గా, నత్రజని నైట్రేట్ లేదా అమ్మోనియంగా తేలాలి. దీన్నే ఖనిజీకరణ అంటారు.

అన్నింటినీ ఇది విరగ్గొట్టలేదు. నూనె, నీళ్లు అంటని పూతల్లో వాడే పీఎఫ్ఓఏ లాంటి ఫ్లోరిన్ గొలుసుల దగ్గర హైడ్రాక్సిల్ రాడికల్ కూడా చేతులెత్తేస్తుంది. కార్బన్, ఫ్లోరిన్ మధ్య బంధం అంత గట్టిది.

అలాంటప్పుడు మామూలు ఎండ చాలదా? లైట్లు ఎందుకు?

టైటానియం డయాక్సైడ్‌లో బాగా పనిచేసే రకం పేరు అనటేజ్. దానిలో ఎలక్ట్రాన్‌ను ఎగరేయడానికి 3.2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. అంత శక్తి 387 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలకే ఉంటుంది, అంటే అతినీలలోహిత కాంతికి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వెలుగులు ఎంత దండిగా ఉన్నా లాభం లేదు. చేద తాడు నీటికి జానెడు పొట్టిగా ఉంటే ఎన్నిసార్లు దించినా నీళ్లు రావు కదా.

మన ఎండలో అతినీలలోహిత భాగం నాలుగైదు శాతమే. మిట్టమధ్యాహ్నం చదరపు మీటరుకు వెయ్యి వాట్ల ఎండ కాస్తుంటే ఉపయోగపడేది నలభై యాభై వాట్లు. అందుకే తాడు పొడవు పెంచే ప్రయత్నాలు జరిగాయి. 2001లో జపాన్ శాస్త్రవేత్తలు టైటానియం డయాక్సైడ్‌లో నత్రజని చొప్పించి నీలి వెలుగుకు కూడా స్పందించేలా చేశారు. బిస్మత్ వనడేట్, కార్బన్ నైట్రైడ్ లాంటివి వచ్చాయి. కాడ్మియం సల్ఫైడ్ కంటికి కనిపించే వెలుగును బాగా పట్టుకుంటుంది. కానీ వెలుతురులో అదే కరిగి నీళ్లలోకి కాడ్మియం వదులుతుంది. ఒక విషాన్ని తీయడానికి మరో విషాన్ని కలపడం ఎవరూ ఒప్పుకోకూడదు. జింక్ ఆక్సైడ్ చవకే గానీ అది కూడా కొద్దికొద్దిగా కరిగిపోతుంది. టైటానియం డయాక్సైడ్ కరగదు, చవక. దానికి ముడిసరుకైన ఇల్మనైట్ మన శ్రీకాకుళం, భీమిలి తీరాల నల్ల ఇసుకలోనూ ఉంది. యాభై ఏళ్లయినా పరిశోధకులు మళ్లీ మళ్లీ దాని దగ్గరికే రావడానికి కారణం ఇదే.

బురద నల్లగా ఉంటుంది. దాని లోపలికి వెలుతురు ఎలా పోతుంది?

పోదు. ఈ విషయమంతా నిలబడేది ఈ ప్రశ్న మీదే. పరిశోధన వార్తల్లో దీన్ని చాలాసార్లు దాటేస్తారు కాబట్టి నిదానంగా చూద్దాం.

బురదలోని నీళ్లను పిండే ఫిల్టర్ ప్రెస్ తెరిచే వేళ దగ్గర నిలబడితే బురద అంటే ఏమిటో తెలుస్తుంది. పలకలు ఒక్కొక్కటిగా విడదీస్తుంటే మధ్యనుంచి అరంగుళం, అంగుళం మందాన నల్లటి బిళ్లలు ఊడి కింద ట్రాలీలో దబ్బుమని పడతాయి. దీన్ని కేక్ అంటారు. చూడటానికి పొడిగానే ఉంటుంది. వేళ్ల మధ్య నొక్కితే తడి తెలుస్తుంది. దాని బరువులో మూడొంతులకు పైగా ఇంకా నీళ్లే. వాసన సాల్వెంటుదా, కుళ్లుదా అని విడదీసి చెప్పలేం. ఆ బిళ్లను విరిచి చూస్తే లోపల కూడా అంతే నలుపు. అతినీలలోహిత కాంతి దానిలో గోరు మందమైనా దిగదు. ప్రెస్‌లోకి వెళ్లకముందు, నూటికి తొంభై ఎనిమిది పాళ్లు నీళ్లుగా ఉన్నప్పుడు కూడా, ఆ కాంతి కొన్ని మిల్లీమీటర్లకే ఆగిపోతుంది.

వెలుతురు ఒక్కటే అడ్డు కాదు. హైడ్రాక్సిల్ రాడికల్ ఆయువు సెకనులో కోటో వంతు. పుట్టిన చోటి నుంచి వెంట్రుక మందంలో వెయ్యో వంతు దూరం దాటకముందే దేనితోనో కలిసిపోతుంది. దానికి మంచీ చెడూ తేడా తెలియదు. లీటరు పలుచని బురదలో ఇరవై గ్రాముల ఘనపదార్థం ఉందనుకుందాం. దానిలో సగం చచ్చిన బాక్టీరియా, ప్రోటీను, జిగట. మనం నాశనం చేయాలనుకున్న మందు పది మిల్లీగ్రాములు ఉందనుకుంటే, పది గ్రాముల హాని లేని సరుకు మధ్య అది వెయ్యో వంతు. పుట్టిన రాడికల్‌లన్నీ ముందు ఆ జిగటతో ఖర్చైపోతాయి.

మూడో అడ్డు ఉప్పు. బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల నీళ్లలో టీడీఎస్, అంటే కరిగిన లవణాలు, ఎంత ఎక్కువో ఆ ఊళ్లలో బోరు నీళ్లు తాగి చూసిన వాళ్లకు తెలుసు. క్లోరైడ్, బైకార్బనేట్ అయాన్లు హైడ్రాక్సిల్ రాడికల్‌ను మధ్యలోనే పట్టేసుకుంటాయి. క్లోరైడ్ మరీ ఎక్కువైతే కొత్తగా క్లోరిన్ తగిలిన అణువులు పుట్టే ప్రమాదం కూడా ఉంది.

ఇక ఎలా? వెలుతురు బురదలోకి పోలేదు కాబట్టి విషాన్నే వెలుతురులోకి తీసుకురావాలి. ఇందుకు దారులు కొన్ని ఉన్నాయి.

మొదటిది కడగడం. కేక్‌ను మళ్లీ నీళ్లలో కలిపి, పీహెచ్ మార్చి, అవసరమైతే కొద్దిగా డిటర్జెంటు లాంటి పదార్థం కలిపి, రేణువులను పట్టుకున్న అణువులు పట్టు వదిలేలా చేస్తారు. తరువాత మళ్లీ ప్రెస్ చేస్తే విషం వడకట్టిన నీళ్లలోకి వస్తుంది. అవి తేటగా ఉంటాయి, వెలుతురు దూరుతుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. కడగడానికి కలిపిన డిటర్జెంటు కూడా సేంద్రియ పదార్థమే, అది కూడా రాడికల్‌లను తింటుంది. అందుకని వీలైనంత తక్కువతో సరిపెట్టుకోవాలి.

రెండోది పలుచన చేయడం. బురదను బాగా నీళ్లు కలిపి, వాలుగా పెట్టిన పలక మీద పల్చటి పొరగా జారనిస్తారు. లేదా ఉత్ప్రేరకం పూసిన బిళ్లలను సగం మునిగేలా పెట్టి తిప్పుతుంటారు. తిరుగుతున్న బిళ్ల పైకి తెచ్చే పొర పల్చగా ఉంటుంది, దానిమీద వెలుతురు పడుతుంది. పొర పల్చబడిన కొద్దీ చోటు, సమయం పెరుగుతాయి. రోజుకు టన్నుల కొద్దీ బురద వచ్చే చోట ఇది ఏ మాత్రం నడుస్తుందో నాకు అనుమానమే.

ఉత్ప్రేరకాన్ని పొడిగా కలపాలా, దేనికైనా పూయాలా అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే పొడి రేణువు సగటున ఇరవై నానోమీటర్ల పైచిలుకు. గ్రాము పొడి ఉపరితలం పరిస్తే యాభై చదరపు మీటర్లు వస్తుంది కాబట్టి పని చురుగ్గా జరుగుతుంది. కానీ ఆ పొడిని బురదలో కలిపామంటే మళ్లీ వెనక్కి తీసుకోలేం. అది బురదతోపాటే పోతుంది, అంత ఖర్చూ ఒక్కసారి వాడకానికే. గాజు గోళీలకో పలకలకో పూస్తే తిరిగి దొరుకుతుంది కానీ ఉపరితలం తగ్గుతుంది. నడిమధ్య ఇనుప ఆక్సైడ్ పెట్టి అయస్కాంతంతో ఏరుకునే రేణువులు కూడా తయారుచేశారు. అవి నీళ్లలో బాగానే పనిచేస్తున్నాయి.

ఇన్ని అడ్డంకులు చూశాక నాకు గట్టిగా అనిపించేది ఇది. వెలుతురును వాడాల్సిన సరైన చోటు, విషం బురదలో చేరకముందు. ఒక ఫ్యాక్టరీలో ఒక మందు తయారీలో మిగిలే కడుగునీళ్లు పరిమాణంలో తక్కువ, మోతాదులో చిక్కన, అణువేదో ముందే తెలుసు, బాక్టీరియా జిగట లేదు. ట్యాంకరెక్కి తొంభై ఫ్యాక్టరీల నీళ్లతో కలవకముందే అక్కడే దాన్ని విరగ్గొడితే, ఉమ్మడి కేంద్రపు బురదలో ఆ మందు ఉండనే ఉండదు. కలిసిపోయాక విడదీయడం ఎన్నో రెట్లు కష్టం. ఉమ్మడి కేంద్రాలు చిన్న ఫ్యాక్టరీలకు చేయూత అన్న మాట నిజమే. అయితే యాంటీబయాటిక్ నీళ్లను ముందుగా విడిగా శుద్ధి చేయకుండా ఆ ఉమ్మడి తొట్టిలోకి రానివ్వడం తప్పని నా అభిప్రాయం.

అన్నభేదితో చేసే పద్ధతి వేరే ఉందంటారు, అదేమిటి?

బురదకు ఎక్కువ నప్పేది ఇదే. 1894లో హెన్రీ ఫెంటన్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త, టార్టారిక్ ఆమ్లం మీద ఫెర్రస్ లవణం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసి చూపే ప్రభావాన్ని వివరించాడు. మన ఆయుర్వేద దుకాణాల్లో అన్నభేది పేరుతో దొరికే ఫెర్రస్ సల్ఫేటే ఆ లవణం. ఫెర్రస్ ఇనుము పెరాక్సైడ్‌ను విరగ్గొట్టి హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తుంది, తాను ఫెర్రిక్‌గా మారిపోతుంది. చీకట్లో ఆ ఫెర్రిక్ మళ్లీ ఫెర్రస్ కావడం చాలా నెమ్మది. వెలుతురు వేస్తే వెంటనే మారుతుంది, మారుతూ మరో రాడికల్‌ను కూడా ఇస్తుంది. అందుకే చీకట్లో లీటరుకు వందల మిల్లీగ్రాముల ఇనుము అవసరమైన చోట, వెలుతురులో పదుల మిల్లీగ్రాములతో సరిపోతుంది. ఇనుము ఆక్సాలిక్ ఆమ్లం లాంటి వాటితో జతకట్టినప్పుడు ఆకుపచ్చ వెలుగును కూడా వాడుకోగలదు, ఎండలో ఇంకా పెద్ద భాగం చేతికొస్తుంది.

దీనికి మరో మేలు ఉంది. జీవ బురద నీళ్లను వదలకపోవడానికి కారణం బాక్టీరియా తమ చుట్టూ కట్టుకునే జిగట. ఫెంటన్ చర్య ఆ జిగటను చీలుస్తుంది, లోపల బందీగా ఉన్న నీళ్లు బయటికి వస్తాయి. తరువాత ప్రెస్ చేస్తే కేక్ ఎక్కువ పొడిగా వస్తుంది, లారీకి ఎత్తే బరువు తగ్గుతుంది. జిగటతో రాడికల్‌లు ఖర్చు కావడం ఇందాక నష్టంగా చూశాం. ఇక్కడ ఆ ఖర్చులో కొంత కలిసొస్తుంది.

దీని కష్టాలు దీనికీ ఉన్నాయి. పీహెచ్ 2.8 దగ్గర ఉంటేనే బాగా సాగుతుంది. అంత ఆమ్లంలో బురదలోని లోహాలు కరిగి నీళ్లలోకి దిగుతాయి. పని అయ్యాక సున్నమో కాస్టిక్కో వేసి పీహెచ్ పెంచితే ఇనుము హైడ్రాక్సైడ్‌గా పడి కొత్త బురద పుడుతుంది. కాబట్టి ఇనుము వాడకం తగ్గించడం ఖర్చుకే కాదు, బురదకూ సంబంధించిన విషయం. పనివాళ్లకు మరో జాగ్రత్త చెప్పి తీరాలి. సాల్వెంటు మిగిలి ఉన్న బురదలో పెరాక్సైడ్ ఒక్కసారిగా పోస్తే వేడెక్కి నురగ కట్టి పొంగుతుంది. మూత బిగించిన పాత్రలో ఎన్నడూ చేయకూడదు.

స్పెయిన్‌లో అల్మెరియా దగ్గర తబెర్నాస్ ఎడారిలో ఉన్న సౌర పరిశోధన కేంద్రం ఈ పద్ధతిని ఎండలో నడిపించి చూపింది. గాజు గొట్టాల వెనక వంపు తిరిగిన అద్దాలు పెట్టి, ఎటునుంచి వచ్చిన వెలుతురైనా గొట్టం మీదే పడేలా చేశారు. ఆ ప్రాంతమంతా ప్లాస్టిక్ పందిళ్ల కింద కూరగాయల సాగు. ఖాళీ పురుగుమందు డబ్బాలను ముక్కలు చేసి కడిగినప్పుడు వచ్చే నీళ్లను ఇలా శుద్ధి చేసే ప్లాంటు అక్కడ నడిచింది. ఎండకు కొదవలేని మన చోట్ల పరిశీలించదగ్గ దారి అది.

ఖర్చు ఎంతవుతుంది?

దీపాలు పెట్టి టైటానియం డయాక్సైడ్‌తో చేస్తే చాలా. వెయ్యి లీటర్ల నీళ్లలో ఒక కాలుష్యాన్ని 90 శాతం తగ్గించడానికి ఎంత కరెంటు పడుతుందన్న కొలతతో 2018లో ఒక సమీక్ష వచ్చింది. అప్పటివరకు ప్రచురితమైన ఫలితాల్లో మధ్యస్థ విలువలు చూస్తే ఓజోన్‌కు ఒక యూనిట్ కూడా పట్టలేదు. వెలుతురుతో ఫెంటన్ చర్యకు 2.6 యూనిట్లు. దీపాలతో టైటానియం డయాక్సైడ్‌కు 335 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే వెయ్యి లీటర్లకు రెండు వేల మూడు వందలకు పైమాటే. ఇది తేట నీళ్లకు. బురదకు ఇంకా ఎక్కువే అవుతుంది. ఎండ ఉచితం కాబట్టి సౌర పద్ధతికి కరెంటు లెక్క తగ్గుతుంది, అయితే నేల, గాజు గొట్టాలు, వాన రోజుల్లో నీళ్లు నిలవచేసే తొట్లు లెక్కలోకి వస్తాయి.

విషం పోయిందని ఎలా నమ్మాలి?

రంగు పోయింది చూడండి అని చూపిస్తే నమ్మకండి. ప్రదర్శనల్లో ఎక్కువగా వాడే మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు కొన్ని పరిస్థితుల్లో విరగకుండానే రంగు కోల్పోతుంది, గాలి తగిలితే మళ్లీ నీలంగా మారుతుంది. పైగా అది తానే వెలుతురును పీల్చుకుని కొంత వెలిసిపోతుంది. కాలేజీ పిల్లలు ఈ ప్రయోగం చేయాలనుకుంటే మూడు బీకర్లు పెట్టాలి. ఒకటి పొడి వేసి ఎండలో, ఒకటి పొడి వేసి చీకట్లో, ఒకటి పొడి లేకుండా ఎండలో. మొదలుపెట్టే ముందు పొడి వేసినవి రెండింటినీ అరగంట చీకట్లో కలపాలి. ఎందుకంటే పొడికి అంటుకుని కొంత రంగు పోతుంది, దాన్ని విరిగిన లెక్కలో వేయకూడదు. చివరన పొడిని పూర్తిగా వడకట్టాకే కొలవాలి.

ఫ్యాక్టరీలో అందరూ చూసేది సీఓడీ, అంటే నీళ్లలోని మురికిని రసాయనాలతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్ కొలత. ఫెంటన్ పద్ధతి తరువాత సీఓడీ తీస్తే ఒక చిక్కు ఉంది. మిగిలిపోయిన పెరాక్సైడ్ కూడా సీఓడీగా కనబడుతుంది, దాన్ని ముందు పోగొట్టాలి. అంతకంటే నమ్మదగ్గది మొత్తం సేంద్రియ కార్బన్. అది తగ్గితే కార్బన్ నిజంగా పోయినట్టు. అసలు అణువు మాయమై కార్బన్ అలాగే ఉంటే, ముక్కలు ఇంకా అక్కడే ఉన్నట్టు.

ఆ ముక్కలు మంచివో కాదో కూడా చూడాలి. సబ్బుల్లో వాడిన ట్రైక్లోసాన్ మీద ఉత్త ఎండ పడితే దానిలో కొంత భాగం క్లోరిన్ తగిలిన ఒక డయాక్సిన్‌గా మారుతుంది. సగంలో ఆపేసిన శుద్ధి ఎందుకు ప్రమాదమో దీన్నిబట్టి అర్థమవుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ విషయంలో మొదట తెగేది పక్కనున్న పైపరజీన్ వలయం. బాక్టీరియాను చంపే మూలభాగం ఇంకా మిగిలి ఉండవచ్చు. యంత్రం సిప్రో లేదని చూపించినా, ఈ.కోలై పెంచిన పళ్లెంలో ఆ నీళ్లు చుక్క వేసి ఒక రాత్రి ఉంచాలి. చుక్క చుట్టూ బాక్టీరియా పెరగని వలయం ఏర్పడితే మందు పని ఇంకా మిగిలి ఉన్నట్టు. ఈ పరీక్షకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు, ఏ డిగ్రీ కాలేజీ మైక్రోబయాలజీ ల్యాబ్‌లోనైనా చేయవచ్చు.

పరీక్ష నీళ్లకు మాత్రమే చేస్తే చాలదు. కడిగిన తరువాత కేక్‌లో ఎంత మిగిలిందో, పైకి లేచిన గాలిలో సాల్వెంటు ఎంత పోయిందో రెండూ కావాలి. ఎండబెట్టే పడకల మీద వేసిన బురదలో టోలుయీన్ తగ్గిందంటే అది విరిగి ఉండకపోవచ్చు, ఆవిరై పక్క ఊరి గాలిలో కలిసి ఉండవచ్చు. లోపలికి వచ్చినదెంత, నీళ్లలో, కేక్‌లో, గాలిలో పోయినదెంత అని కూడి, తేడా వచ్చినదాన్నే నాశనమైందని చెప్పాలి.

ఇంత ఎందుకు, కాల్చేస్తే పోదా?

చిక్కటి తారులాంటి సాల్వెంటు మడ్డికి కాల్చడమే సరైనది. దానిలో మండే సరుకు ఉంటుంది, సిమెంటు బట్టీలు ఇంధనంగా తీసుకుంటాయి. కానీ ఈటీపీ కేక్‌లో మూడొంతులకు పైగా నీళ్లే. కిలో నీళ్లను ఆవిరి చేయడానికే 2,260 కిలోజౌళ్లు కావాలి. క్లోరిన్ ఉన్న సరుకును సుమారు 1,100 డిగ్రీల వేడిలో పూర్తిగా కాల్చి, పొగను వేగంగా చల్లార్చకపోతే డయాక్సిన్‌లు పుడతాయి. పల్చగా, తడిగా, తక్కువ మోతాదులో ఉన్న విషానికి వెలుతురు. చిక్కగా, మండేలా ఉన్నదానికి నిప్పు.

వెలుతురు పని పూర్తయ్యాక ఆ బురదను పొలంలో ఎరువుగా వేయవచ్చా?

వేయకూడదు. ఎవరు ఉచితంగా తెచ్చి పోస్తామన్నా ఒప్పుకోవద్దు. వెలుతురు విరగ్గొట్టేది కార్బన్ బంధాలను. సీసం, నికెల్, కాడ్మియం మూలకాలు, ఏ రాడికల్ వాటిని మాయం చేయలేదు. ఒక్క క్రోమియం విషయంలో కొంత మేలు జరుగుతుంది. కరిగి పారే విషపూరితమైన ఆరో రకం క్రోమియాన్ని ఉత్ప్రేరకం మీది ఎలక్ట్రాన్‌లు తక్కువ హాని చేసే మూడో రకంగా మారుస్తాయి. అప్పుడు కూడా ఆ లోహం బురదలోనే ఉంటుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం మందుల ఫ్యాక్టరీ శుద్ధి కేంద్రపు రసాయన బురద ప్రమాదకర వ్యర్థమే. అది వెళ్లాల్సింది హైదరాబాదు పక్కన దుండిగల్ దగ్గర ఉన్నటువంటి, అడుగున ప్లాస్టిక్, బంకమట్టి పొరలు పరిచి, ఊట నీళ్లను పట్టి శుద్ధి చేసే గుంతల్లోకి. వెలుతురుతో సేంద్రియ విషం తీసేస్తే ఆ గుంత ఊటలో మందులు ఉండవు, వెళ్లే కేక్ బరువు కూడా తగ్గుతుంది. లోహాల కోసం ఆ గుంత అడుగు పొర మాత్రం ఎప్పటిలాగే గట్టిగా ఉండాలి, చుట్టూ ఉన్న బోర్లలో నీళ్లను క్రమం తప్పకుండా పరీక్షిస్తూనే ఉండాలి.